జుబేదా ఆపా నియాన్ చేపలు

ఈ ఉదయం నల్లా తిప్పగానే క్లోరిన్ వాసన గుప్పుమంది. ఎన్నేళ్లయినా ఆ వాసన నన్ను వెనక్కి లాగుతుంది. నర్సింగ్ చదువుతూ అమీర్‌పేటలో అద్దెకున్నప్పుడు, అక్కలా చూసుకునే ఎదురింటి జుబేదా ఆపా తన చేపలను నాకు అప్పగించిన రోజులు గుర్తొస్తాయి.

ఆపా ఒంటరి మనిషి, ఇంట్లోనే బట్టలు కుట్టేది. కుట్టు మిషను పక్కన గాజు తొట్టిలో పన్నెండు నియాన్ టెట్రాలుండేవి. వేలి కొసంత చేపలు, ఒంటి మీద నీలిగీత, తోక దగ్గర ఎరుపు. దేని జోలికీ పోవు, ఎటు తిరిగినా గుంపుగానే తిరుగుతాయి. “ఒక్కటే ఉంటే భయంతోటే సగం చస్తది” అనేది ఆపా. గుండె ఆపరేషన్ కోసం పంజాగుట్టలో ఆసుపత్రికి వెళుతూ, “రోజు చిటికెడు మేత వెయ్యి, అంతే. నీళ్ల జోలికి పోకు” అని మరీ చెప్పింది.

నేను ఆ జోలికే పోయాను. మూడో రోజు నీళ్లు మసకగా కనిపిస్తే, ఆమె వచ్చేసరికి తొట్టి తళతళలాడాలని సగం తోడేసి నల్లా నీళ్లు నింపాను. కాసేపటికి చేపలు చెదిరిపోయి, పైకి తేలి నోళ్లు తెరుస్తూ కొట్టుకోసాగాయి. నీలిగీతలు పాలిపోతున్నాయి. మర్నాడే ఆపరేషన్. ఇప్పుడీ మాట చెబితే ఆమె గుండెకేమవుతుందో? చెప్పకుండా అలాంటివే కొనితెచ్చి వేస్తే? మెట్ల దాకా వెళ్లి, మనసొప్పక వెనక్కొచ్చి చూస్తే ఒకటి అప్పటికే ఒరిగిపోయింది. ఫోన్ చేశాను.

“ఆపా, నల్లా నీళ్లు పోసిన. చచ్చిపోతున్నయ్.”



“ఏడ్వకు బేటా. బాల్కనీల మూతపెట్టిన బకెట్ ఉంది, మొన్న పట్టిన నీళ్లు, క్లోరిన్ పోయుంటది. చిన్న వలతోటి ఒక్కొక్కదాన్ని అండ్ల వెయ్యి. నేను లైన్లనే ఉంట.”

చెప్పినట్టే చేశాను. ఏడు బతికాయి.

“ఎన్ని పోయినయ్?”

“ఐదు.”

“గంట ఆగి చెప్పుంటే అన్ని పోతుండె” అంది.

మర్నాడు ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “నాకు సుత మస్తు భయమైతుంది. ఎవ్వరికీ చెప్పలే” అంది. తలుపులు మూసుకున్నాక ఆ మధ్యాహ్నమంతా గోడకానుకుని నిలబడ్డాను. ఆపా తిరిగొచ్చింది. ఇంకో నాలుగేళ్లు బతికింది.

ఇప్పుడు నేను ఐసీయూలో నర్సుని. మొన్నామధ్య ఒక రోగికి సెలైన్‌లో మందు ఎక్కవలసిన దానికంటే వేగంగా పెట్టాను. ఎవరూ చూడలేదు. సరిచేసి ఊరుకోవచ్చు. ఉద్యోగం పోవడం కళ్లముందు మెదిలింది. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాను. రోగి కోలుకున్నాడు, నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. ధైర్యవంతురాలినని అనుకోను. ఆపాకు ఫోన్ చేసిన రోజులాగే, డాక్టరుకూ భయపడుతూనే చెప్పాను.