పళ్ళెం కింద బొట్టు

ఆ రోజుల్లో నాకు తెలియని పని ప్రపంచంలో లేదు. ఇరవై మూడేళ్ళ వయసులో రాయచోటి నుంచి కువైట్ విమానం ఎక్కినప్పుడు నా దగ్గరున్న అసలు సామాను అదొక్కటే. ఏది అడిగినా "వచ్చు" అనేసేవాణ్ణి, ఆ తర్వాత దాన్ని ఎలా చేస్తారో ఎవరినో ఒకరిని చూసి నేర్చుకునేవాణ్ణి. ఒంటెకు జలుబు చేస్తే మందు వెయ్యడం వచ్చా అన్నా వచ్చనే చెప్పి ఉండేవాణ్ణి (నా అదృష్టం, ఎవరూ అడగలేదు). జహ్రాలో ఒక ఇంట్లో డ్రైవరుగా చేరిన నెల తిరక్కుండానే ఆ "వచ్చు" నన్ను తీసుకెళ్ళి ఒక ముసలి తుపాకి ముందు కూర్చోబెట్టింది.

ఆ తుపాకి, నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న మా కఫీల్ తండ్రిది. ఆయన్ని మేమంతా పెద్ద బాబా అనేవాళ్ళం. పటాలంలో ఆయుధాలు బాగుచేసే పని చేసి రిటైరైన మనిషి. తన తండ్రి కాలం నాటి రైఫిల్‌ని, కాగితాలన్నీ సక్రమంగా పెట్టుకుని, ఇనుప బీరువాలో దాచుకున్నాడు. దానికి పట్టే తూటాలు ఇప్పుడు బజారులో దొరకవు. అందుకని పేల్చిన ఇత్తడి గొట్టాలనే ఏరి దాచి, వాటిలో మళ్ళీ తానే మందు నింపి, గుండు బిగించి, నెలకొక శుక్రవారం షూటింగ్ మైదానానికి పోయి సరిగ్గా పది తూటాలు కాల్చి వచ్చేవాడు. దూరపు చూపు బ్రహ్మాండంగా ఉన్నా, త్రాసు మీది సన్న గీతలు ఆయనకు కనబడటం మానేశాయి. ఆ గీతలు చదివి చెప్పడానికి ఒక మనిషి కావాలి.

"మందు సంగతి తెలుసా నీకు?" అని హిందీ, అరబిక్ కలిపి అడిగాడు.

"మా మేనమామ కంకర క్వారీలో రాళ్ళు పేలుస్తాడు బాబా. నాకు కొత్తేం కాదు" అన్నాను. (మా మేనమామ నన్ను క్వారీ గేటు దాటనిచ్చిన పాపాన పోలేదు.)

ఆయన ఒక కుర్చీ నా వైపు జరిపాడు. "నాకు తెలిసినవాడు వద్దు, అడిగేవాడు కావాలి. సరే, యల్లా, కూర్చో" అన్నాడు.

మగవాళ్ళు చేరి కబుర్లాడుకునే దివానియా పక్కనున్న ఆ చిన్న గదిలో అడుగుపెట్టిన రోజు నా నోరు దానంతటదే మూతబడింది. ఫోన్లు బయట బుట్టలో వెయ్యాలి. లోపల అగరు పొగ కూడా కూడదు. బల్ల మీద ఒక్క మందు డబ్బా తప్ప రెండోది ఉండకూడదు. ఏ తూటాకు ఎంత మందో చెప్పే పుస్తకం ఆయనకు కంఠతా వచ్చు, అయినా ప్రతిసారీ తెరిచి, నా చేత రెండుసార్లు చదివించేవాడు. గాలికి త్రాసు కదులుతుందని ఏసీ కట్టేసేవాడు (కువైట్‌లో ఏసీ కట్టేయడమంటే ఏమిటో అక్కడ బతికినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు). నింపిన గొట్టాలన్నిటినీ చెక్క పలకలో నిలబెట్టి, టార్చి వేసి ఒక్కొక్కదానిలోకి తొంగిచూసి, మందు ఎత్తు అన్నిటిలో ఒక్కలాగే ఉందని తేలాకే గుండు బిగించేవాడు. "ఇది పాతకాలపు నల్లటి తుపాకి మందు కాదు. ఇది పొగ రాని మందు. చిటికెడు ఎక్కువైతే ఈ ముసలిది తట్టుకోలేదు, నా మొహం మీదే పేలుతుంది" అనేవాడు, ఉప్పు ఎక్కువైన కూర గురించి చెప్పినంత తాపీగా. గుళ్ళో కూడా నేను అంత భక్తిగా కూర్చున్నది లేదు.

అలా ఉండగా దసరా వచ్చింది. ఆయుధపూజ రోజు పొద్దున్నే, ఇంట్లో వంట చేసే మా ఊరివైపు అక్క నన్ను పట్టుకుంది.

"ఏం రా అబ్బీ, కారుకు బొట్టు పెట్టినావా?"

"పెట్టినా అక్కా, స్టీరింగ్ కింద. ఎవురికీ కనపడదు."

"మరి ఆ గదిలో పనిముట్లకో? అన్నం పెట్టే వస్తువులు రా అవి. ఇంద, గంధం ఈడనే కలిపిండా, తీసుకుపో."

నాకూ నిజమే అనిపించింది. తుపాకి బీరువాలో ఉంది, దాని జోలికి పోలేదు. పెద్ద బాబా కంటపడితే ఏమనుకుంటాడో అని బల్ల కాలికి ఒకటి, త్రాసు పళ్ళేన్ని తిరగేసి అడుగున ఒకటి, గంధం దండిగా అద్ది దాని మీద కుంకుమ పెట్టాను. దండం కూడా పెట్టుకున్నాను. తడి గంధం ఎండితే తేలికవుతుందని మా అక్కకూ తట్టలేదు, అన్నీ తెలిసిన నాకూ తట్టలేదు.

కాసేపటికి ఆయన వచ్చి త్రాసును సున్నాకు తెచ్చుకున్నాడు. మఖ్మల్ డబ్బాలోంచి, బరువు ముందే తెలిసిన చిన్న ఇత్తడి బిళ్ళ తీసి పళ్ళెంలో వేశాడు. "సరిగ్గా ఉంది బాబా" అన్నాను, ఉంది కూడా. ఇక పని మొదలైంది. ఆయన మందు పొయ్యడం, నేను ముల్లు చూసి చెప్పడం. ఆ వేడికి నా చొక్కా తడుస్తోంది, పళ్ళెం కింద గంధం ఆరుతోంది. టార్చి వేసి చూస్తే మందు ఎత్తు అన్నిటిలో ఒక్కలాగే కనిపించింది, పది తూటాలూ తయారై పెట్టెలో చేరాయి. మూత వేసే ముందు ఆయన అలవాటు ప్రకారం మళ్ళీ ఆ బిళ్ళను పళ్ళెంలో వేసి, "చూడు" అన్నాడు.

ముల్లు గీత దగ్గర లేదు, కిందికి ఉంది. ఎంతని చెప్పను, మిరియపు గింజలో సగం బరువు కూడా కాదు.

అది నాకు తప్ప ఎవరికీ కనబడదు. సరిగ్గా ఉంది బాబా అంటే ఆ పూటకు ఖలాస్, పోయి అన్నం తినొచ్చు. ఏదో తేడా చేశానంటే ఉద్యోగమూ, ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితమూ రెండూ పోవచ్చు. "సరిగ్గా" దాకా నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ శుక్రవారం ఆ తుపాకి కట్టెకు ఆయన చెంప ఆనించుకునే తీరు కళ్ళ ముందు కదిలింది. పసిబిడ్డను ముద్దాడబోయేవాడిలా ఆనించుకుంటాడు.

"తక్కువ చూపిస్తాంది బాబా. ఎందుకో నాకు తెలీదు" అన్నాను. తెలీదు అనే మాట కువైట్‌లో నేను అనడం అదే మొదలు.

ఆయన అరవలేదు. త్రాసును అంగుళం అంగుళం తడుముకుంటూ వచ్చి, పళ్ళెం అడుగున వేలు ఆపాడు. వేలు ఎర్రగా అయింది. దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, నా వైపు చూశాడు. నేను దసరా గురించి, పనిముట్ల గురించి, మా అక్క గురించి, వచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో చెప్పుకుపోయాను. అంతా విని, పళ్ళెం తుడిచి, "పదీ విప్పు" అన్నాడు.

తూటాను బిగించి మొద్దు మీద తడితే గుండు ఊడివచ్చే సుత్తిలాంటి పనిముట్టు ఒకటుంది. ఒక్కొక్కటే విప్పి, చేసిన వరసలోనే మందు తూచాం. మొదటిది సరిగ్గా ఉంది. రెండోది వెంట్రుకవాసి ఎక్కువ. మూడోది ఇంకొంచెం. పదోదానికి వచ్చేసరికి లెక్క తేలిపోయింది, గంధం ఎండి పళ్ళెం తేలికైనంత మేరా, ముల్లు గీతకు రావాలని మేం మందే ఎక్కువ పోశాం. నేను చూస్తుండగానే, నా కళ్ళ ముందే, ఎండుతున్న గంధం ఒక్కో తూటాలో కొంచెం కొంచెం ప్రమాదం పోసుకుంటూ పోయింది. ఒక చిన్న ఇత్తడి బిళ్ళ, ఒక ముసలాయన అలవాటు, ఆ రెండే దాన్ని ఆపాయి. ఆయన నోటుబుక్కులో ఏదో రాశాడు. నా సంగతే అనుకుని, ఏం రాశారని అడిగాను.

"పళ్ళెం కింద చూడకుండా సున్నా పెట్టాను, తప్పు నాది. అని రాశాను" అన్నాడు. ఆ తర్వాత, "ఈ రోజు అడిగేవాడివయ్యావు. రేపు కూడా రా" అన్నాడు.

మరుసటి దసరాకు ఆయనే గదిలో నా కోసం కాచుకుని ఉన్నాడు. "మీ పనిముట్ల పండగ కదా. బల్ల కాలికి పెట్టుకో. ఎండాక మొదలెడదాం" అన్నాడు. ఇద్దరం చెరో కుర్చీలో కూర్చుని ఆ బొట్టు ఎండేదాకా చాయ్ తాగాం.

ఇప్పుడు పెద్ద బాబా లేడు. నేను కువైట్‌లోనే, అమ్ఘరాలో ఒక పాత ఇనుము యార్డులో లారీల కాటా దగ్గర పనిచేస్తున్నాను. ఇక్కడ తూకం టన్నుల్లో ఉంటుంది, గంధం ఎండినా తడిసినా కాటాకు పట్టదు. అయినా రోజూ పొద్దున మోకాళ్ళ మీద వంగి కాటా కిందికి తొంగిచూడనిదే నేను సున్నా నొక్కను. లారీవాళ్ళు హారన్ కొడతారు, కొత్త కుర్రాళ్ళు నవ్వుకుంటారు. ఏం వెతుకుతున్నావన్నా అని అడుగుతారు. తెలీదబ్బీ, చూస్తే పోలే అంటాను.