శుక్రవారం ప్రయాణం

రాసుకో కన్నా. ఆవిడ పేరెందుకులే, స్వీడనావిడ అని రాయి. దత్తత తీసుకున్న మూడేళ్ల పిల్లను తమ దేశం తీసుకెళ్లడానికి వచ్చి, పాస్‌పోర్టు చేతికందేదాకా శంషాబాద్‌లో మన మేడమీద గదిలో అద్దెకుంది. అంతకుముందు తమ దేశంలో దత్తత కాగితాల కోసం ఎదురుచూసిన రెండేళ్లలో తెలుగు నేర్చేసుకుంది, మహా గట్టిది.

పిల్లను చంక దింపేది కాదు. ముద్ద కలిపి పెడితే సగం కిందే పడేది. అయినా సాయానికి ఎవరు ముందుకొచ్చినా "నేనే" అనేది.

పక్కింటావిడ ఊరుకుంటుందా? "జర ఇటియ్యి అక్కా. గట్ల తినిపిస్తే పోరి బక్కగైతది."

"బక్కగా ఉన్నా నా పిల్లే. నేనే పెడతాను."

తీరా చూస్తే విమానం టిక్కెట్టు శుక్రవారం తెల్లవారుజాముకు తీసింది. శుక్రవారం ఆడపిల్లను గడప దాటిస్తే ఇంట్లో లక్ష్మి వెళ్లిపోతుందని మా గుంటూరు వైపు పట్టింపు. నేను పెట్టెకు అడ్డంగా నిలబడ్డాను.

"రేపు వెళ్లమ్మా. ఇవాళ ఆడపిల్లను పంపించం."

ఆవిడ పిల్లను ఇంకాస్త పైకి ఎగదోసుకుని నా కళ్లలోకి చూసింది.

"మీరు పంపించడం లేదు పిన్నిగారూ, నేను తెచ్చుకుంటున్నాను. సాయంత్రానికి మా ఇంట్లో ఉంటుంది, శుక్రవారమే. ఇంటికొచ్చే లక్ష్మిని మీరైతే రేపు రమ్మంటారా?"

పక్కింటావిడ కిసుక్కున నవ్వింది. "ఇగ జరుగు అత్తమ్మా, ఇమానం ఆగది."

జరిగాను. పిల్ల నుదుటిన బొట్టు పెట్టి ఆవిడతో అన్నాను:

"మీ గడప దగ్గర కుడికాలు ముందు పెట్టించు."