బెల్లం ముక్కకు బదులు

గిద్దలూరు బస్టాండులో కొత్తగా ఒక పెద్ద బోర్డు పెట్టారు. బొమ్మలో లుంగీ కట్టుకున్న తండ్రి చేతిని వీపు వెనక దాచుకుని నవ్వుతుంటాడు. ఎదురుగా రెండు జడల పిల్ల. కింద "మీ చిన్ననాటి రుచి మళ్లీ వచ్చింది" అని రాశారు. ఆ చేతిలో ఉన్నది నా పసుపుపచ్చ ప్యాకెట్టే. కారం చల్లిన గొట్టాలు, లోపల ఒక ప్లాస్టిక్ ఉంగరం. నిలబడ్డ చోటే కళ్లు తడిశాయి. ఆ వెంటనే ఒళ్లు మండింది. మా నాయన సంగతి వీళ్లకెవరు చెప్పారు?

నాయన మార్కాపురంలో బడిపిల్లల పలకలు కోసే మిషను దగ్గర పనిచేసేవాడు. సాయంత్రానికి కనుబొమ్మలు కూడా బూడిదరంగుకు తిరిగేవి. పని దిగేటప్పుడు యజమాని మనిషికొక బెల్లం ముక్క చేతిలో పెట్టేవాడు. బెల్లం తింటే లోపలికి పోయిన దుమ్ము కడుక్కుపోతుందని అందరి నమ్మకం. మాస్కులకంటే బెల్లం చవక మరి. నాయన రోజూ నాకు ప్యాకెట్ తెచ్చేవాడు. కొనుక్కొస్తున్నాడనే అనుకునేదాన్ని. ఒక్కరోజు తేకపోతే అన్నం తినకుండా అలిగి పడుకునేంత మొండిఘటాన్ని.

నాయన దగ్గుతో మంచం పట్టాక వీధి చివర దుకాణం చాచా చూడటానికొచ్చాడు. అమ్మతో మాట్లాడుతూనే ఏడ్చేశాడు.

"రోజూ బెల్లం నాకిచ్చి పాపకు ప్యాకెట్ తీసుకపోయినాడమ్మా. నువ్వే తిను అని నేనంటే, పాప అలుగుతాదనేటోడు. నేనైనా ఇయ్యకుండా ఉండాల్సింది."

అమ్మ నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

నాయన పోయాక డాక్టర్ని అడిగాను. "బెల్లం కడుపులోకి పోతుంది తల్లీ, ఊపిరితిత్తుల్లోకి కాదు. తిన్నా ఏమీ మారేది కాదు" అన్నాడు. ఆ మాట నేను నమ్ముతాను. అమ్మ నమ్మదు. ఏటా తద్దినం రోజు విస్తరిలో అన్నిటికంటే ముందు బెల్లం ముక్క పెడుతుంది.

బోర్డును తిట్టుకుంటూనే బస్టాండు దుకాణంలో ఒక ప్యాకెట్ కొన్నాను. మార్కాపురంలో ఇంటికెళ్లి సంచిలోంచి తీస్తుంటే అమ్మ చూసింది.

"ఏంది, అదేనా?"

"అదే."

పారేయాలనే అనుకున్నాను, నిజం. రుచి మారి ఉంటే బాగుండునని, చించి ఒకటి నోట్లో వేసుకున్నాను. మారలేదు. అదే కారం, అదే పులుపు. ఇంకొకటి తిన్నాను. సిగ్గేసింది, అయినా చెయ్యి ఆగలేదు. అడుగున మిగిలిన పొడి కూడా వేలితో అద్దుకుని నాకాను.

అమ్మ గడప మీద కూర్చుని చూస్తూ ఉంది.

"అప్పుడూ ఇట్లనే తినేదానివి" అంది. "మీ నాయన దగ్గుకుంటా ఈడనే కూర్చొని చూసేటోడు."