మెరక వీధి వంతు

ఆయన్ని అందరూ నీళ్ళాయన అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు నీళ్ళ ఆఫీసు హాజరు పుస్తకంలోనూ, చర్చి సభ్యుల చిట్టాలోనూ తప్ప ఇంకెక్కడా కనిపించదు. ఆ రెండో చోట కూడా దాన్ని కొట్టేస్తామని పెద్దలు బెదిరించారు. ఎవరి జోలికీ పోని మనిషి మొదటిసారి ఎదురు తిరిగింది అప్పుడే.

ముందు ఆయన పని సంగతి చెప్పాలి. ప్రతి వీధి మొదట్లో రోడ్డు కింద ఒక గొయ్యి, దాని మీద ఇనప మూత, లోపల వాల్వు ఉంటాయి. నీళ్ళాయన భుజాన వాల్వు తిప్పే ఛాతీ ఎత్తు ఇనప చెవి ఒకటి, వాళ్ళ భాషలో తాళం, ఎప్పుడూ ఉంటుంది. దాన్ని గోతిలోకి దించి, పట్టు దొరికాక పద్నాలుగు చుట్లు తిప్పితే ఆ వీధికి నీళ్ళు. పద్నాలుగు చుట్లు వెనక్కి తిప్పితే బంద్. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. ఇంట్లో సబ్బులు అరిగాయి గానీ ఆయన అరచేతుల తుప్పు మాత్రం వదల్లేదు.

మెరక మీద ఆరు వీధులున్నాయి. మామూలు రోజుల్లో కింద ఉన్న ఫ్యాక్టరీలే నీళ్ళన్నీ పీల్చేసుకుంటాయి, ఆ ఎత్తుకి చుక్క ఎక్కదు. ఆదివారం ఫ్యాక్టరీలు మూత కాబట్టి, పొద్దున ఎనిమిది నుంచి వీధికి అరగంట చొప్పున మెరకకి నీళ్ళు వదులుతారు. వారం మొత్తానికి వాళ్ళకి దక్కేది ఆ అరగంటే. చర్చి ఉన్నది ఆరో వీధిలో. ఆ వీధి వంతు పదిన్నరకి.

ఇదివరకు ఆదివారాలు తోటి ఉద్యోగి చూసుకునేవాడు. పోయినేడు ఆయన రిటైరయ్యాడు. ఆ ఖాళీలోకి ఆఫీసువాళ్ళు ఎవర్నీ వెయ్యలేదు. దాంతో ఆదివారాలన్నీ నీళ్ళాయన నెత్తిన పడ్డాయి. చిన్నప్పటినుంచీ ఆదివారం ఆరాధన తప్పని మనిషి ఏడాదిగా సాయంత్రం ప్రార్థనకి మాత్రమే వస్తున్నాడు. ఆ సంగతి ఎవరికంటే ముందు ఆయన్నే తినేసింది.

ఆ చర్చిలో నెలకోసారి ప్రశ్నల కూటం జరుగుతుంది. గుమ్మం పక్కన ఒక రేకు డబ్బా పెడతారు. బతుకులో వచ్చే సందేహాన్ని చీటీ మీద రాసి అందులో వెయ్యాలి, పేరు రాయక్కర్లేదు. జుట్టుకి రంగు వేసుకోవచ్చా, మాట వినని కొడుకు కోసం ప్రార్థన చెయ్యాలా, చెంప పగలగొట్టాలా, పొరుగింటి కోడి మన పెరట్లో గుడ్డు పెడితే అది ఎవరిది, ఇలా ఉంటాయి ఆ చీటీలు. జవాబులు చెప్పేది మేష్టారు. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన ఆయనే సంఘానికి పెద్ద దిక్కు. బైబిలంతా ఆయనకి నోటికి వచ్చు. ఏ ప్రశ్నకైనా వాక్యం చూపిస్తాడు, ఒక్కోసారి ప్రశ్న పూర్తిగా చదవకముందే చూపిస్తాడు.

నీళ్ళాయన కూడా ఒక చీటీ వేశాడు. "ఆదివారం డ్యూటీ పడితే విశ్వాసి ఏం చెయ్యాలి? మానేస్తే ఇళ్ళకి నీళ్ళు రావు." అంతే రాశాడు. ఎవరైనా దారి చూపిస్తారేమోనని నిజంగా ఆశపడ్డాడు. కానీ ఐదో తరగతిలో ఆ వంకర అక్షరాలు దిద్దించింది మేష్టారే. చూడగానే పోల్చుకున్నాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, దారి అడిగినవాణ్ణి దోషిని చేసి పెద్దల ముందు నిలబెట్టారు.

ఐదుగురు పెద్దలు వరసగా కుర్చీల్లో కూర్చున్నారు. నీళ్ళాయనకి కుర్చీ వెయ్యలేదు. పాస్టరు అయ్యగారు ఓ మూల కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"విశ్రాంతి దినం ఆజ్ఞ ఉందా, లేదా?" మేష్టారు అడిగాడు.

"ఉందండీ."

"దాన్ని మీరుతున్నావా, లేదా?"

"ఆ రోజున ఎద్దు గుంటలో పడితే పైకి లాగరా అని ప్రభువే అడిగాడు కదండీ."

"నీకు ఎద్దులున్నాయా?"

మిగతా నలుగురూ పకపకా నవ్వారు.

"లేవండీ. ఆరు వీధుల మనుషులున్నారు."

నవ్వు ఆగింది. మేష్టారు ఒక కాగితం ముందుకి తోశాడు. ఆదివారం పని చేసి పాపం చేశాననీ, ఇకమీదట చెయ్యననీ దాంట్లో గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది.

"సంతకం పెట్టు. పెట్టకపోతే చిట్టాలో నీ పేరు ఉండదు. ప్రభువు బల్లలో, ఆ రొట్టెలో ద్రాక్షారసంలో, నీకు పాలు ఉండదు."

"ఆ బల్ల మీ సొంతమా అండీ, ప్రభువుదా?"

అయ్యగారు ఏదో అనబోయి మళ్ళీ కిటికీ వైపు తిరిగారు. వచ్చే నెల మొదటి ఆదివారం దాకా గడువిచ్చి పంపించేశారు.

ఆ తేదీ కావాలని పెట్టిందే. ఆ రోజే ఆయన కూతురికి బాప్తిస్మం. చెప్పుల దుకాణంలో పని చేసే పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఆ చర్చిలో బాప్తిస్మం పుచ్చుకున్నవాళ్ళు నీళ్ళ తొట్టిలో మునిగి పైకి వచ్చేటప్పుడు తల్లో తండ్రో మెట్టు మీద నిలబడి తువ్వాలు కప్పుతారు. చిట్టాలో పేరు లేనివాడికి ఆ మెట్టెక్కే హక్కు లేదు. ముప్పై ఏళ్ళ కింద అదే మెట్టు మీద వాళ్ళమ్మ ఆయనకి తువ్వాలు కప్పింది.

"ఒక్క గీత గీస్తే పోయేదానికి ఎందుకండీ ఈ పంతం?" భార్య చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

"ఆ గీత గీస్తే, నీళ్ళివ్వడం పాపమని నా చేత్తో నేనే రాసిచ్చినట్టు. మళ్ళీ పొద్దున ఏ మొహం పెట్టుకుని తాళం పట్టుకోను?"

"రేపు వాళ్ళు నిన్ను మెట్టెక్కనివ్వకపోతే?" కూతురు అడిగింది.

"ఎక్కుతాను."

"ఎలా నాన్నా?"

"కాళ్ళతో."

కూతురు నవ్వింది. భార్య నవ్వలేదు. నిజానికి ఆయనకీ లోపల భయంగానే ఉంది. బల్ల లేని బతుకెలా ఉంటుందో ఆయనకి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. అయినా కాగితం మీద కలం పెట్టలేదు.

ఆ ఆదివారం రానే వచ్చింది. ఆఫీసులో మీటర్లు చూసే కుర్రాడికి సంగతి తెలిసి, "ఈ పూట చర్చి వీధి వాల్వు తిప్పకు అన్నా, వాళ్ళ తిక్క కుదురుతుంది" అన్నాడు.

"నోర్ముయ్! ఆ వీధిలో పదకొండు ఇళ్ళున్నాయి. చర్చి ఒక్కటే ఉన్నా తిప్పేవాణ్ణే. నీళ్ళతో కక్ష తీర్చుకునేవాడు ఈ తాళం పట్టుకోకూడదు" అని కసిరాడు నీళ్ళాయన.

చర్చిలో మాత్రం వేరే కథ నడిచింది. ఆదివారం ఎవరూ పని చెయ్యకూడదు కదా అని మేష్టారు శనివారమే నీళ్ళ బండి తెప్పించి తొట్టి నింపించాడు. నిష్ఠ అంటే నిష్ఠే. కాకపోతే రెండేళ్ళుగా వాడని తొట్టి. అడుగున బిరడా చివికిపోయిందో లేదో చూడమని ఏ వాక్యంలోనూ లేదు కాబట్టి ఆయన చూడలేదు. తెల్లారేసరికి తొట్టిలో చీమ మునిగేన్ని నీళ్ళు కూడా మిగల్లేదు. ఆదివారమైనా ఎవరో పాత గుడ్డ కుక్కి కన్నం మూశారు. నీళ్ళు మాత్రం గుడ్డలోంచి రావు.

నీళ్ళాయన మూడో వీధి వాల్వు తిప్పుతుండగా వచ్చాడు మేష్టారు, చొక్కా తడిసేలా చెమటలు కక్కుకుంటూ.

"బాబూ, మా వీధి ముందు తిప్పు."

నీళ్ళాయన చెయ్యి ఆపలేదు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. అప్పుడు నడుం ఎత్తాడు.

"ఇవాళ ఆదివారం కదండీ."

"ఎకసెక్కాలొద్దు. తొమ్మిది మంది తెల్ల బట్టలు కట్టుకుని నిలబడ్డారు. అందులో నీ కూతురుంది."

"ఎద్దు గుంటలో పడిందాండీ?"

మేష్టారు మొహం మాడిపోయింది. ఎన్ని ప్రశ్నలకి జవాబు చెప్పిన నోరు! చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు.

"పడింది" అన్నాడు చివరికి.

"అయితే లాగుదాం. కానీ వరసలో లాగుదాం. మీ వంతు పదిన్నరకి."

"అప్పటిదాకా ఆరాధన ఆపాలా?"

"ఈ మూడో వీధిలో బాలింత ఉంది మేష్టారూ. నాలుగులో మంచం పట్టిన మనిషి ఉన్నాడు. వాళ్ళ బిందెలు దాటుకుని మీ దగ్గరికి రాలేను. నా కూతురు నిలబడుతుంది. వంతంటే ఏంటో దానికి తెలుసు."

మేష్టారు వెనక్కి తిరిగి మెరక ఎక్కాడు.

పదిన్నరకి ఆరో వీధి వాల్వు పద్నాలుగు చుట్లూ తిరిగింది. నీళ్ళాయన తాళం భుజాన వేసుకుని, నీళ్ళతోపాటు చర్చికి నడిచాడు. మోకాళ్ళదాకా ప్యాంటు తడి, చేతుల నిండా తుప్పు. తాళాన్ని గోడకి ఆనించాడు. తొట్టిలోకి గొట్టం ధారగా పోస్తోంది. నడుము లోతు రాగానే అయ్యగారు దిగారు. నీళ్ళాయన మెట్టెక్కి, భార్య చేతిలో తువ్వాలు అందుకుని, కూతురి పేరు పిలిచేదాకా అక్కడే నిలబడ్డాడు. పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆపిన మొగాడు లేడు. కూతురు వణుకుతూ పైకొచ్చి ఆయన భుజం మీద తల వాల్చింది. ఆయన తువ్వాలు కప్పి గట్టిగా హత్తుకున్నాడు, అంత సంతోషం.

తర్వాత బల్ల. నీళ్ళాయన ఎప్పుడూ కూర్చునే మూడో బెంచీలోనే కూర్చున్నాడు. రొట్టె పళ్ళెం పట్టుకుని వచ్చింది మేష్టారే. బెంచీ దగ్గర ఆగాడు. జేబులో ఆ కాగితం మడత ఇంకా కనిపిస్తూనే ఉంది.

"సంతకం..." అన్నాడు గొంతు తగ్గించి.

"వచ్చే ఆదివారం కూడా తిప్పుతానండీ" అన్నాడు నీళ్ళాయన గొంతు తగ్గించకుండా. ఆఖరి బెంచీ దాకా వినిపించింది.

చెయ్యి చాచాడు. తుప్పు చెయ్యే. ఎవరూ ఇవ్వక్కర్లేకుండా తనే ఒక ముక్క తీసుకున్నాడు. పళ్ళెం వెనక్కి పోలేదు. కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకున్నాడు, ద్రాక్షారసం వచ్చేదాకా ఆగి అదీ తాగాడు. అప్పుడు లేచి, నడవ మధ్యలోంచి నడిచి, గోడ దగ్గరి తాళం భుజాన వేసుకున్నాడు. పదకొండు ఎప్పుడో దాటింది. వాల్వు కట్టడానికి ఇంకా పద్నాలుగు చుట్లు మిగిలే ఉన్నాయి.