సాయిలత నో నొక్కింది

ఎల్లారెడ్డిలో పెళ్లి కార్డులు డిజైన్ చేసే సాయిలతకు ఎవరినీ కాదనడం రాదు. కంప్యూటర్‌నూ అంతే. ఏదైనా ప్రోగ్రామ్ ఎక్కించడానికి అడ్మిన్ అనుమతి అడుగుతూ తెర మీద పెట్టె వస్తే, చదవకుండానే ఎస్ నొక్కేది. అలా ఫాంట్లు సర్దే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించుకుంటే, తెర మీది కార్డులో పెళ్లికూతురి పేరును కప్పేస్తూ రమ్మీ ప్రకటనలు గంతులేశాయి.

కామారెడ్డిలో కంప్యూటర్లు బాగుచేసే కృష్ణమోహన్ విండోస్ మొత్తం మళ్లీ ఎక్కించాడు. రోజువారీ పనికి మామూలు అకౌంట్ పెట్టి, అడ్మిన్ పాస్‌వర్డ్ వేరేగా పెట్టి ఆమెకు చెప్పాడు.

"పెట్టె వస్తే తయారుచేసినోళ్ల పేరు సూడక్కా. తెల్వకుంటే నో కొట్టు."

"కంప్యూటర్ ఆగిపోతదేమో తమ్మీ?"

"ఏం గాదు. ఆ ప్రోగ్రామ్ ఎక్కది, గంతే."

మర్నాడు రైతు హన్మంతు తన కొడుకు పెళ్లి కార్డు కోసం వచ్చాడు. ఆమె ఫాంట్ల సాఫ్ట్‌వేర్ దించి తెరవగానే పెట్టె వచ్చింది. తయారుచేసింది ఎవరో తెలియదని అందులో ఉంది. ఊపిరి బిగబట్టి నో నొక్కింది. పెట్టె మాయమైంది. ఇంకేమీ కాలేదు! సరదాకొద్దీ ఫైల్ మళ్లీ తెరిచి, మళ్లీ నో నొక్కి పకపకా నవ్వింది.

"ఏంది బిడ్డా, గట్ల నవ్వుతున్నవ్?"

"కాదన్న బాపూ! జిందగీల మొదటిసారి కాదన్న!"

"అయితే నన్ను గూడ ఒక్కసారి కొట్టనియ్."

ఆమె ఫైల్ మళ్లీ తెరిస్తే, హన్మంతు మౌస్ మీద వేలు పెట్టి నో నొక్కాడు. ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

ఆమె ఆ ఫైల్ చెరిపేసి, సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీ సొంత సైట్ నుంచి దించి తెరిచింది. ఈసారి పెట్టెలో కంపెనీ పేరుంది. పాస్‌వర్డ్ కొట్టింది. పెళ్లికొడుకు పేరు వంపులు తిరుగుతూ తెర మీద వెలిగింది. హన్మంతు చప్పట్లు కొట్టాడు.