మీటరు వీపున అంటించిన చీటీ

నేను తెలివితక్కువవాణ్ణని ఒప్పుకోవడానికి నాకు డెబ్బై ఏళ్లు పట్టింది. అందులో ముప్పై ఆరేళ్లు ఈ బెంగాలీల ఊరి రైల్వే వర్క్‌షాపులో ప్రెషర్ గేజీలు పరీక్షించడంలోనే గడిచాయి. గాలి, ఆవిరి, నూనె ఎంత ఒత్తిడిలో ఉన్నాయో ముల్లు తిప్పి చూపించే గుండ్రటి డబ్బాలవి. ఏ గేజీ నిజం చెబుతోంది, ఏది అబద్ధమాడుతోంది, ఏది పాపం తెలియక తప్పు చెబుతోందో కనిపెట్టడమే నా ఉద్యోగం. అలాంటివాణ్ణి అరచేతిలో ఇమిడే షుగర్ మీటరు చేతిలో ఓడిపోయాను. ఓడిపోయానంటే దానికేదో గొప్పతనం అంటగట్టినట్టవుతుంది. అది తన పని తాను చేసుకుపోయింది. దానికి లేని తప్పును నేనే కనిపెట్టి, నేనే సరిదిద్ది, ఆ దిద్దుబాటుకు నేనే మురిసిపోయాను.

అసలు గొడవ షుగరుది కాదు, కంటిది. ఎడమకన్ను ఎప్పుడో మొహం చాటేసింది. కుడికంట్లో శుక్లం వచ్చింది. మా తాల్‌బగీచా పేట సందులో ఎవరో ఆరేసిన లుంగీకి ఒక పొద్దున "నమస్కారం దాదా" అన్నాను. లుంగీ మర్యాదగా ఊగింది. ఇందా అనే అవతలి పేటకు వెళ్లే ఆటో అనుకుని స్టేషన్ వైపు వెళ్లేది ఎక్కి, దిగాల్సిన చోటు ఇంకా రాలేదేమని డ్రైవరునే దబాయించాను. పేపరు నా భార్య చదివి వినిపించేది. ఆవిడకు రాజకీయాలు గిట్టవు. అందుచేత ఆ ఏడాదంతా నా దేశంలో ప్రభుత్వమే లేదు. వానలూ వంటలూ మాత్రమే ఉన్నాయి.

ఆపరేషన్ చేస్తే చూపొస్తుందని కంటి డాక్టరు చెప్పాడు. కానీ షుగరు అదుపులో ఉందని ఇందాలోని నా షుగర్ డాక్టరు చీటీ రాసివ్వాలన్నాడు. షుగర్ డాక్టరేమో మీటరు కొనుక్కోమన్నాడు. రోజూ పరగడుపున వేలు గుచ్చుకుని, వచ్చిన అంకె నోటుపుస్తకంలో రాసి, మూడు నెలల తరవాత తెమ్మన్నాడు. అంకె రాయడమా! నాకు పని చెప్పినట్టు లేదు, ప్రమోషన్ ఇచ్చినట్టుంది.

కొత్త గేజీ వస్తే దాన్ని నమ్మకూడదు, ముందు నమ్మకమైన దానితో పోల్చి చూడాలి. అది నా వృత్తిధర్మం. చలికాలంలో ఒక పొద్దున ఇందాలో ల్యాబుకి వెళ్లి పరగడుపున రక్తం ఇచ్చాను. ఇంటికి రాగానే అదే పరగడుపు మీద వేలు గుచ్చుకున్నాను. మీటరు నూట ఎనభై చూపించింది; దాని అంకెలు గోరంత పెద్దవి కాబట్టి నా కంటికీ ఆనాయి. సాయంత్రం వచ్చిన ల్యాబు కాగితంలో నూట నలభై రెండు అని ఉందని నా భార్య చదివింది. దొరికింది దొంగ! ముప్పై ఎనిమిది ఎక్కువ చూపిస్తోంది. మా వర్క్‌షాపులో ఇలాంటి గేజీకి ఏం చేస్తామో అదే చేశాను. తెల్లకాగితం ముక్క మీద పరీక్షించిన తేదీ, 'దిద్దుబాటు: మైనస్ 38', కింద నా పొట్టి సంతకం. ఆ చీటీని మీటరు వీపున గట్టిగా అంటించాను. ఆ రోజు నుంచి మీటరు ఎంత చూపిస్తే అందులోంచి ముప్పై ఎనిమిది తీసేసి పుస్తకంలో ఎక్కించాను. అంకెలు ముచ్చటగా ఉండేవి. ఆ ముచ్చటకి పొంగిపోయి నా భార్య నా కంచంలో ఇంకో గరిటెడు అన్నం పెట్టేది. నేనూ వద్దనేవాణ్ణి కాదు.

షాపులో ఏ గేజీనీ ఒక్క పోలికతో తేల్చేవాణ్ణి కాదన్న సంగతి ఇక్కడ చెప్పకపోతే పాపం. ఐదుసార్లు ఒత్తిడి పెంచి, ఐదుసార్లు దించి, అప్పుడు గానీ సంతకం పెట్టేవాణ్ణి కాదు. సొంత రక్తం దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారికే సంతకం పెట్టేశాను.

మూడు నెలలయ్యాక డాక్టరు నా పుస్తకం చూసి మెచ్చుకున్నాడు. ఆ వెంటనే రక్తపరీక్ష కాగితం చూశాడు. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష అది. మెచ్చుకోలు వెనక్కి తీసుకున్నాడు.

"దాదా, ఖాతా ఏక్ బాత్ బోల్‌తా, బ్లడ్ దూస్‌రా బాత్," అన్నాడు, పుస్తకాన్నీ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి. పుస్తకం మాట ఒకటి, రక్తం మాట ఇంకొకటి అట.

ల్యాబు తప్పై ఉంటుందన్నాను. ఆయన నవ్వలేదు. చీటీ ఇవ్వనన్నాడు. కంటి ఆపరేషన్ వాయిదా పడింది. కన్ను సంగతి అలా ఉంచితే, ఆయన నా వైపు చూసిన చూపు మాత్రం నాకు కళ్లు లేకపోయినా కనిపించింది. దొంగ అంకెలు రాసేవాళ్లను నేను షాపులో అలాగే చూసేవాణ్ణి.

"సిస్టర్, ఈయన మీటరు కనెక్ట్ చేసి, లోపలున్నవన్నీ తీసి చూపించండి," అని డాక్టరు బెంగాలీలో పక్క గదిలోకి కేకేశాడు. మీటరేమో ఇంట్లో ఉండిపోయింది.

ఆ సిస్టరమ్మ మాకు రెండు సందుల అవతలే ఉంటుంది. వాళ్ల తాతగారు కోస్తా నుంచి ఇక్కడి రైల్వేలో పనికొచ్చిన మనిషి. ఆవిడకు యాభై దాటాయి. నన్ను బాబాయ్ అంటుంది, నా భార్యను పిన్ని అంటుంది. ఆదివారం చర్చి నుంచి తెల్లచీరతో తిన్నగా మా ఇంటికి వచ్చింది. సంచిలోంచి బైబిలు పక్కనున్న ట్యాబు తీసింది. పలక సైజు కంప్యూటరు, డాక్టరుగారి చేంబరుది, అంటే క్లినిక్కుది.

"బాబాయ్, మిషను ఇలగియ్యండి. ఇది ఐదొందల రీడింగులు దాసుకుంటాది."

"దాసుకుంటాదా? ఎవరి కోసం?"

"మీలాంటోళ్ల కోసమే."

నాకు ఆ సంగతి తెలియదు. నా సర్వీసులో ఏ గేజీ కూడా నిన్న తానెంత చూపించిందో గుర్తుపెట్టుకోలేదు. ముల్లు సున్నాకి వచ్చిందంటే గతం గతః. ఇదేమో నోరు మూసుకుని, మనసులో అన్నీ పెట్టుకునే రకం.

ఆవిడ మీటరు బటను నొక్కి పట్టుకుంది. ట్యాబు దాన్ని వెతికింది. మీటరు దీన్ని వెతికింది. రెండూ బల్ల మీద జానెడు దూరంలోనే ఉన్నాయి, అయినా వెతుక్కున్నాయి. చివరికి ట్యాబు ఏదో అడిగింది.

"ఏటంటాది? గోత్రం అడుగుతాదా?" అంది నా భార్య.

"గోత్రం కాదు పిన్నీ, నంబరు. మిషను ఈపు మీద ఆరంకెలుంటాయి. అవి కొడితేనే రెండూ కలుస్తాయి." సిస్టరమ్మ మీటరు తిప్పింది. "ఇదేటి బాబాయ్?"

"కాలిబ్రేషన్ చీటీ."

"ఎవురు అంటించినారు?"

"నానే."

నంబరు సరిగ్గా చీటీ కింద ఉంది. నేను అంటించింది ఊడదని షాపులో నాకు పేరు. ఆ పేరు ఆ ఆదివారమూ నిలబడింది. ఆవిడ గోరుతో గీరింది, తడిగుడ్డతో తుడిచింది. చివరికి నా భార్య కొబ్బరినూనె తెచ్చింది. సిస్టరమ్మ ఓ చుక్క వేసి, కాసేపు ఓపిగ్గా ఆగి, మీటరు మీద గీత పడకుండా, నా సంతకం చిరగకుండా ఆ చీటీని పొరలా ఒలిచింది. ఒక తప్పును అంత మర్యాదగా ఊడదీసిన మనిషిని నేనెక్కడా చూడలేదు. ఊడిన చీటీని పారేయలేదు కూడా. బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది.

ఆరంకెలు కొట్టింది. మీటరు 'కుయ్' అని, మూడు నెలల మౌనం వదిలి, నా గుట్టంతా ట్యాబు చెవిలో ఊదేసింది.

నా రాత నాకే ఆనదు కాబట్టి పుస్తకం నా భార్య పట్టుకుంది. సిస్టరమ్మ ట్యాబులో అంకె చదివితే ఆవిడ పుస్తకంలో అంకె చదివేది.

"నూట డెబ్బయ్ ఎనిమిది."

"నూట నలభై."

"నూట డెబ్బయ్ ఒకటి."

"నూట ముప్పై మూడు."

"నూట తొంభై."

"నూట యాభై రెండు... ఏటండీ ఇది?" నా భార్య గొంతు మారింది. "అన్నీ అబద్దాలు రాసినారా? నాను ఈ అంకెలు సూసే గదా అన్నం పెట్టినాను!"

వివరం చెప్పడానికి నోరు తెరిచాను గానీ, ఆ గొంతు విన్నాక నాకే నా వివరం సాకులా అనిపించింది.

"ఉండు పిన్నీ," అంది సిస్టరమ్మ. ఇంకో పది జతలు తనలో తను చదువుకుంది. "అబద్దం సెప్పేవోడు ఇంత వరసగా సెప్పనేడు. ఓ రోజు ఇరవై తగ్గిస్తాడు, ఓ రోజు యాభై. ఇక్కడ రోజూ ఒకటే. ముప్పై ఎనిమిది." బల్ల మీది చీటీ చూపించింది. "ఇదే గదా బాబాయ్? మీరు అబద్దం ఆడనేదు. తప్పు లెక్కని తప్పకుండా రాసినారు."

ఆవిడ నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది కాకపోతే కాళ్లకు దండం పెట్టేవాణ్ణి. రీడింగుల వరస చూసి మనిషి నిజాయితీ తేల్చడం మా షాపులో ఒకరిద్దరు పెద్ద ఫోర్‌మెన్‌లకు మాత్రమే తెలిసిన విద్య.

"ఇప్పుడు సెప్పండి. ఆ రోజు ల్యాబు నించి ఇంటికొచ్చేలోగా ఏటి సేసినారు?"

"ఏటీ నేదు. బజార్లో ఈతబెల్లం కొన్నాను."

"తిన్నారా?"

"సీ! పరగడుపు గదా. అసలుదో కల్తీదో అని కొంచెం తుంపి, ఏళ్లతో నలిపి వాసన సూసినాను."

"సేతులు కడుక్కున్నారా?"

నేను నా చేతివేళ్ల వైపు చూసుకున్నాను. మీటరు మీద వేలెత్తి చూపించిన మనిషికి ఆ వేలే జిగటగా ఉందని తెలియలేదు.

ఆవిడ అంతటితో ఊరుకోలేదు. నన్ను సబ్బుతో చేతులు కడుక్కురమ్మంది. తుడిచిన వేలు గుచ్చితే నూట తొంభై ఆరు వచ్చింది. టిఫిను తిని గంటైంది మరి. తరవాత మా డబ్బాలో మిగిలిన చివరి బెల్లంముక్క తెప్పించి, పక్కవేలికి రాయించి, దాన్నీ గుచ్చింది. రెండొందల అరవై మూడు! ఒకే రక్తం, ఒకే నిమిషం, రెండు వేళ్లు. తీర్పు చెప్పడం కాదు, పరీక్ష పెట్టి చూపించడం. వెనక బ్లాక్‌బోర్డు లేకపోయినా ఆవిడ మా షాపులో ట్రైనింగు ఇవ్వదగిన మనిషి. నొప్పి కూడా మరిచిపోయి "వాహ్" అన్నాను.

"వాహ్ కాదు, మందు పెంచాలి," అంది ఆవిడ.

మర్నాడు ట్యాబుతో పాటు నా చీటీని కూడా డాక్టరుకు చూపించింది. ఏం చెప్పిందో నాకు తెలియదు. డాక్టరు మాత్రం నాకు చేయి కలిపి, "దాదా, ఆప్ ఇంజినీర్ ఆద్మీ హై," అని మందు మార్చాడు. అది పొగడ్తో తిట్టో తేల్చుకోలేకపోయాను. రెండు నెలలకు అంకెలు నిజంగానే దిగాయి. చీటీ ఇచ్చాడు. వానలు మొదలయ్యే ముందు కంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక పేపరు తెరిస్తే, దేశంలో ప్రభుత్వం ఉంది.

ఇక మిగిలింది నా స్వాతంత్య్రం. సిస్టరమ్మ మీటరును నా ఫోనుకు కూడా జతచేసి పెట్టింది. వేలు గుచ్చుకుని నేను లుంగీ సర్దుకునేలోపే అంకె ఇందాలో చేంబరుకు చేరిపోయేది. వెనకాలే ఆవిడ ఫోను. "బాబాయ్, రాత్రి ఏటి తిన్నారు? మూడో సపాతీ ఎవురికి?" సాకు చెప్పుకోవడానికి సందు లేదు, తీసివేతకు తావు లేదు.

కొత్త కంటితో ఒకరోజు ఫోను పరిశీలిస్తుంటే, ప్రతి అంకె కింద సన్నటి గీత కనిపించింది. దాన్ని నొక్కితే ఏదైనా రాయవచ్చు. ఏమైనా తేడా ఉంటే కారణం రాయడానికట. అంతకు ముందు అది నా కంటికి ఆనేది కాదు. అదే వారం సిస్టరమ్మ మనవరాలి పుట్టినరోజుకు మమ్మల్ని పిలిచింది. మర్నాడు పొద్దున నా అంకె నూట అరవై నాలుగు. నేను తీరిగ్గా కూర్చుని, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని, గీత మీద తెలుగులో నాలుగు ముక్కలు రాశాను.

నెలాఖరున చేంబరుకు వెళ్లాను. డాక్టరు ట్యాబులో అంకెలు దించుకుంటూ ఒక దగ్గర ఆగాడు. ఆయనకు తెలుగు రాదు. "దీదీ, ఏటా కీ లేఖా?" అని, ఏం రాసుందో చెప్పమని సిస్టరమ్మకు అందించాడు.

ఆవిడ చదువుకుంది. నా వైపు ఒక్కసారి చూసింది. దాటేయవచ్చు, ఇంకేదో చెప్పవచ్చు. ఆయనకు తెలిసేది కాదు. ఆవిడ మాత్రం గొంతు సవరించుకుని, ఉన్నది ఉన్నట్టు బెంగాలీలోకి మార్చి పైకి చదివింది: "కారణం: సిస్టరమ్మగారింటి కేకు. రెండు ముక్కలు. మొదటిది మర్యాదకి, రెండోది ఆవిడ బలవంతానికి. చేతులు సబ్బుతో కడుక్కున్న తరవాతే పరీక్షించడమైనది."

తరవాత ట్యాబు బల్ల మీద పెట్టి తనే ఒక దిద్దుబాటు చేసింది. రెండు కాదు, మూడు. మూడోది తానే పొట్లం కట్టి ఇంటికిచ్చి పంపానంది.

డాక్టరు నన్ను వదిలేసి, కుర్చీ ఆవిడ వైపు తిప్పుకుని, షుగరు మనిషికి కేకు పెట్టవచ్చునా అని మొదలుపెట్టి, ఎప్పుడూ నాకు చెప్పే జాగ్రత్తలన్నీ ఆవిడకు చెప్పాడు. ఆవిడ చేతులు కట్టుకుని అన్నిటికీ తలూపింది. నేను పక్క కుర్చీలో కూర్చున్నాను. ఆ దృశ్యం చూడ్డానికి నాకు ఒక్క కన్నూ చాలింది.