పటానికి పెట్టిన బొట్టు

నేను ఏం చెప్పినా అందులో సగం తీసేసి వినడం మా ఇంట్లో అందరికీ అలవాటు, కాబట్టి మీరూ ఆ సగం ముందే తీసి పక్కన పెట్టుకోండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి వెడల్పు ఎంతని ఎవరో అడిగితే అవతలి గట్టుని ఒడిశా దాకా జరిపినవాణ్ణి నేను.

నిన్న విశాఖపట్నం నుంచి ఒక గ్యాలరీ నడిపే ఆవిడ వచ్చి, మా హాల్లో ఉన్న ముసలమ్మ బొమ్మ ముందు, అన్నవరంలో వ్రతానికి కూర్చున్నంతసేపు నిలబడి, ఈ అచ్చు కాపీలు ఇంకెక్కడా దొరకడం లేదనీ, నుదుటి మీది ఎర్ర మరక కాగితం చెడకుండా తీయించి ఎగ్జిబిషన్లో పెడతాననీ అంది. అత్తగారు గాజు మీద పెట్టిన కుంకుమ ఫ్రేము సందులోంచి లోపలికి జారిందండీ అని చెప్పి, ఆలోచించుకుంటానన్నాను. ఈమధ్య అవునో కాదో చెప్పడానికి కూడా ఆయాసం వస్తోంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, తోటివాళ్ళంతా స్కూటర్లకీ స్థలాలకీ పరుగులు పెడుతుంటే, నేను చావు బొమ్మలు కొనడం మొదలుపెట్టాను. ధవళేశ్వరంలో ఒక చిత్రకారిణి ఉండేది, రాగి రేకు మీద గీసి, సిరా పూసి, పెరట్లో షెడ్డులో ఉన్న ప్రెస్సు తిప్పి అచ్చులు తీసేది. తణుకు చుట్టుపక్కల చెరుకంతా అందులో పెట్టినా ఒక పూటలో పిప్పి చేసేంత ప్రెస్సది. కొద్ది కాపీలు మాత్రం తీసి, ఒక్కోదాని కింద పెన్సిలుతో ఎన్నోదో రాసి సంతకం పెట్టి, ఆ వెంటనే రేకు మీద మేకుతో అడ్డంగా గీసి పాడుచేసేసేది, ఇంక ఆ బొమ్మకి మళ్ళీ పుట్టుక లేదు. గీసినవన్నీ పోవడం గురించే. గోడకి నిలబెట్టేసిన నులకమంచం, రేవు మెట్ల మీద మిగిలిపోయిన చెప్పుల జత. పెళ్ళి పిలుపులకి వచ్చినవాళ్ళు ఇవి చూసి ఎక్కడ హడలిపోతారోనని మా ఆవిడ వాళ్ళని వరండాలోనే కూర్చోబెట్టి పంపేసేది.

చివరికి బొట్టు లేని ముసలమ్మ ముఖం కొని, ఫ్రేము కట్టించి తగిలించాను. ఆ వారమే అత్తగారు వచ్చారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి గాజు మీద కుంకుమ బొట్టు, చుట్టూ బంతిపూల దండ, కింద అగరొత్తులు. ఆ పొగకి ఫైరింజను ఒక్కటే రాలేదు. అప్పటికే పక్కింటాయన పరామర్శకి వచ్చి కూర్చుని ఉన్నారు. "పెద్దావిడ ఎప్పుడు పోయారండీ? గోడవతల ఉన్నాం, కబురైనా పెట్టలేదేంటి?" అని తువ్వాలుతో కళ్ళొత్తుకుని, చావింట్లో వెళ్ళొస్తానని చెప్పకూడదు కాబట్టి చెప్పకుండానే లేచి వెళ్ళిపోయారు. వెనకాల వీధి వీధంతా వచ్చింది.

అది బొమ్మే కానీ మనిషి కాదని మొత్తుకున్నాను. "అంత ముసలావిడ గోడెక్కిందంటే పోయినట్టే కదా అల్లుడుగారూ" అన్నారు అత్తగారు. మామగారు పోయిన దగ్గర్నుంచీ బొట్టు పెట్టుకోని మనిషి ఆవిడ. "బతికున్నన్నాళ్ళూ ఎలాగూ లేదు, పటమయ్యాకైనా ఉండొద్దా అండీ" అనేసి, పప్పు ఎనుపుకోవడానికి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

ఇప్పుడు అత్తగారు లేరు, పక్కింటాయన లేరు, ఆ చిత్రకారిణీ లేదు. చావు కబురు ఫోనులో వస్తుంది, చేతులు జోడించిన గుర్తొకటి నొక్కితే పరామర్శ అయిపోతుంది, వెళ్ళొస్తానని అనాలా మానాలా అన్న బెంగే లేదు. ఇన్నేళ్ళుగా ఇన్ని బొమ్మలు పోగేసుకున్నాను కదా, మనుషులు పోవడం కాస్త అలవాటయి ఉంటుందనుకున్నాను. అవలేదండీ.

ఇవాళ గ్యాలరీ ఆవిడకి ఫోను చేసి, మరకతో అయితే తీసుకెళ్ళండి, లేకపోతే ఇక్కడే ఉండనివ్వండి అన్నాను. "పొరపాటున అంటిందే కదండీ, తీయించేస్తే ఏం?" అంది, కొంచెం నొచ్చుకునే. వద్దండీ అని పెట్టేశాను.

ప్రెస్సూ ఫైరింజనూ మీరెలాగూ తీసేసి ఉంటారు, కానీ ఆ ఫ్రేము సందులోంచి కుంకుమ జారిందన్న మాటే అసలు కల్పన. అత్తగారు పెట్టిన బొట్టు గాజు మీదే ఉండి, ఆ సాయంత్రమే మా ఆవిడ తడిగుడ్డకి పోయింది. కాగితం మీద ఉన్నది, అత్తగారి పెద్దకర్మ అయి ఇంటికి వచ్చిన రోజున, ఫ్రేము వెనక అట్ట ఊడదీసి నేను పెట్టింది.